వాపు తగ్గేదాకా చూద్దామని కూర్చోవద్దు

రొమ్ములో ఇంప్లాంట్ పెట్టించుకుని ఇంటికొచ్చాక ఒకవైపు మాత్రమే ఉన్నట్టుండి ఉబ్బి, బిగుసుకుపోయి, నొప్పి గంటగంటకూ పెరుగుతోందా? తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి చేరాలి. జ్వరం 101 దాటినా, కుట్ల చుట్టూ చర్మం ఎర్రబడి వేడెక్కినా, చీము కనిపించినా ఆలస్యం చేయకూడదు. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో పొడిచినట్టున్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు. ఈ నాలుగు మాటలు మాత్రం ఇప్పుడే చదివి, ఇంట్లో ఇంకొకరికి కూడా వినిపించండి.

ముత్తుకూరులో ఈ సంగతి మీద హెచ్చరిక ఏమిటని కొందరు ముఖం చిట్లించుకుంటారని తెలుసు. కృష్ణపట్నం పోర్టు, నేలటూరు థర్మల్ కేంద్రం, పంటపాలెం నూనె ఫ్యాక్టరీలు వచ్చాక ఈ మండలంలో జీతాలు మారాయి, ఇళ్ల అద్దెలు మారాయి, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి కాపురాలు పెట్టారు. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ క్లినిక్కుల ప్రకటనలు ఫోన్లో రొయ్యల కౌంటు ధరల పక్కనే కనిపిస్తున్నాయి. డబ్బు లేకపోతే నెలవారీ వాయిదాల్లో కట్టమంటున్నారు. అయినా ఇంప్లాంట్ అంటే సోకు ఒక్కటే కాదు. రొమ్ము కేన్సర్ వచ్చి ఒకవైపు పోగొట్టుకుని, ఆ చోట మళ్లీ ఆకారం తెప్పించుకున్న తల్లులున్నారు. పుట్టుకతోనే ఒకవైపు ఎదగని ఆడపిల్లలున్నారు. ట్రాన్స్‌జెండర్ మహిళలున్నారు. ఎవరు ఎందుకు చేయించుకున్నారన్నది మనం పంచాయితీ పెట్టాల్సిన విషయం కాదు. వచ్చిన చిక్కల్లా, చేయించుకుని వచ్చినవాళ్లలో చాలామంది దాన్ని దాచిపెట్టడం. అత్తగారికి వెన్నునొప్పి అనీ, పక్కింటివాళ్లకు కడుపులో గడ్డ తీశారనీ చెప్పి, గది తలుపేసుకుని పడుకుంటారు.

దాచుకున్న మనిషికి ఏది మామూలో ఏది ప్రమాదమో చెప్పేవాళ్లు ఉండరు. డిశ్చార్జి రోజున సర్జన్ అన్న మాట ఒక్కటే చెవిలో మిగులుతుంది: మూడు నెలలు పడుతుందమ్మా, కుదురుకుంటుంది. ఆ మాట నిజమే. అయితే అది ఆకారం గురించి చెప్పిన మాట. చీముకు, నెత్తురు గడ్డకు, జ్వరానికి ఆ మూడు నెలల గడువు వర్తించదు. ప్రమాదమంతా ఈ ఒక్క పొరపాటులోనే పొంచి ఉంది. అందుకే ముందు మామూలుగా ఏం జరుగుతుందో వివరంగా తెలియాలి.

ఇంప్లాంట్‌ను కొందరికి రొమ్ము గ్రంథి కింద, కొందరికి దాని వెనకున్న ఛాతీ కండరం కింద పెడతారు. కండరం కింద పెట్టినవాళ్లకు మొదటి వారమంతా ఛాతీకి పట్టీ బిగించి కట్టినట్టుంటుంది. చేతులూని మంచం మీంచి లేవడం కూడా కష్టమే. నొప్పి మొదటి మూడు నాలుగు రోజులు ఎక్కువగా ఉండి, ఆపైన రోజురోజుకూ తగ్గుముఖం పట్టాలి. పూర్తిగా ఎప్పుడు పోతుందన్న దానికన్నా అది తగ్గుతోందా లేదా అన్నదే చూడాలి. తగ్గిన నొప్పి మళ్లీ ఎక్కిందంటే ఏదో తేడా వచ్చినట్టే.

మొదట్లో రెండూ మెడ వైపు ఎక్కినట్టు, గట్టిగా, కింద ఖాళీగా పైన ఉబ్బుగా కనిపిస్తాయి. మూడో వారంలో అద్దం ముందు నిలబడి డబ్బూ పోయింది ఒళ్లూ పోయిందని ఏడ్చేవాళ్లకు ఓపికే మందు. కండరం సడలి, వాపు దిగి, చర్మం సాగేకొద్దీ ఇంప్లాంట్లు కిందికి జారతాయి. ఆరు వారాలకు తేడా తెలుస్తుంది. అసలు రూపం రావడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. రెండూ ఒకే వేగంతో దిగవు, ఎక్కువగా వాడే చేతి వైపు కండరం బలంగా ఉంటే ఆ వైపుది వెనకపడవచ్చు. చనుమొన దగ్గర తిమ్మిరి, లేదా బట్ట తగిలినా ఓర్చుకోలేనంత సున్నితం ఉంటాయి. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటాయి, కొందరికి అలాగే ఉండిపోతాయి. మొదటి వారాల్లో కదిలినప్పుడు లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించినా భయపడనక్కర్లేదు. కుట్టు మచ్చ మొదట్లో ఎర్రగా, కాస్త ఉబ్బుగా ఉండి, పాలిపోవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తీసుకుంటుంది.

ఇక పనుల సంగతి. క్లినిక్ ఇచ్చే కాగితంలో 4 నుంచి 6 వారాలు భారీ వ్యాయామం వద్దని రాసి ఉంటుంది. మన ఇళ్లలో జిమ్ములు లేవు, బిందెలున్నాయి. కాబట్టి ఆ వాక్యాన్ని ఇలా చదువుకోవాలి: నీళ్ల బిందె ఎత్తకూడదు, గ్యాస్ సిలిండర్ జరపకూడదు, చంటిపిల్లను వంగి చంకకెత్తుకోకూడదు, పిండి రుబ్బకూడదు, చేతులు పైకెత్తి దండెం మీద బట్టలు ఆరెయ్యకూడదు, సర్జన్ సరేననేదాకా స్కూటీ తీయకూడదు. ఇవన్నీ ఇంకొకరు చేయాలంటే ఆ ఇంకొకరికి విషయం తెలియాలి. దాచిపెట్టి ఆరు వారాలు బిందె ముట్టకుండా ఉండగలిగే కోడలు ఈ మండలంలో ఎక్కడుంది?

అలాగని మంచం పట్టడమూ తప్పే. ఆపరేషన్ రోజు సాయంత్రం నుంచే సాయం పట్టుకుని నాలుగడుగులు వేయాలి. కదలకుండా పడుకుంటే కాళ్ల రక్తనాళాల్లో నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడనీ పచ్చళ్లతో, చారన్నంతో సరిపెట్టే పథ్యం మన దగ్గర ఇంకా నడుస్తోంది. పుండు మానడానికి కావలసింది మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, చేప తినాల్సిన రోజులవి. మానాల్సింది పొగ, గుట్కా, ఖైనీ. నికోటిన్ రక్తనాళాలను సన్నబరచి కుట్ల దగ్గర చర్మాన్ని చంపుతుంది. ఇది ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందు నుంచీ వర్తిస్తుంది.

ఇప్పుడు ప్రమాదాలు. మొదటిది లోపల నెత్తురు చేరడం. ఎక్కువగా ఆపరేషన్ అయిన తొలి ఒకటి నుంచి మూడు రోజుల్లో వస్తుంది. ఒకవైపు రెండో దానికన్నా స్పష్టంగా పెద్దదవుతుంది, చర్మం మెరుస్తూ బిగుస్తుంది, నీలంగా కమిలిన మచ్చ పాకుతుంది, మాత్రలకు నొప్పి లొంగదు. దీనికి మందు లేదు, మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి గడ్డ తీసి, కారుతున్న నాళాన్ని ఆపాలి. ఆపరేషన్ మర్నాడే కారెక్కి ఇంటికొచ్చేయడాన్ని మేము వద్దనేది ఇందుకే. చెన్నై నుంచి నెల్లూరుకు 170 కిలోమీటర్లకు పైగా దూరం, అక్కడి నుంచి ముత్తుకూరు ఇంకో ముప్పావుగంట. అర్ధరాత్రి ఒకవైపు ఉబ్బితే సర్జన్ ఎక్కడో, మీరెక్కడో. లాడ్జి ఖర్చు అనిపించినా, చుట్టాల ఇల్లయినా, మొదటి పరీక్ష అయ్యేదాకా ఆ ఊళ్లోనే ఉండండి.

రెండోది చీము. సాధారణంగా మొదటి కొన్ని వారాల్లో. శరీరంలో మామూలు చోట చీము పడితే యాంటీబయోటిక్ అక్కడికి రక్తంతో పాటు చేరుతుంది. సిలికాన్‌లో రక్తం పారదు. దాని ఉపరితలానికి అంటుకున్న సూక్ష్మక్రిములను మాత్రలతో వదిలించడం చాలా కష్టం. ముదిరితే ఇంప్లాంట్ తీసేసి, పుండు పూర్తిగా మానాక, నెలల తర్వాత మళ్లీ పెట్టాల్సి వస్తుంది. ఇంకో మాయదారి రకం ఉంది. జ్వరం ఉండదు, పెద్ద నొప్పి ఉండదు, కుట్టు మానినట్టే మాని ఒక చోట పలచగా రసి కారుతూ ఉంటుంది, వారాలు గడిచినా ఆగదు. క్షయ క్రిమి జాతికే చెందిన, నీళ్లలో మట్టిలో బతికే క్రిములు ఇలా చేస్తాయి. మామూలు కల్చర్ పరీక్షలో ఇవి బయటపడకపోవచ్చు, మామూలు యాంటీబయోటిక్‌కు లొంగవు. రసి ఆగలేదంటే ఆ క్రిముల కోసం ప్రత్యేకంగా పరీక్ష చేయించమని మీరే అడగాలి.

ఈ ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. రొయ్యల గుంటల్లోకి దిగేవాళ్లు, రొయ్యల తలలు తీసే షెడ్లలో రోజంతా తడి చేతులతో ఉండేవాళ్లు, కాలువ నీళ్లలో బట్టలుతికేవాళ్లు ఇక్కడ ఎక్కువ. కుట్లు పూర్తిగా మూసుకునేదాకా ఆ నీళ్లు ఒంటికి తగలకూడదు. సముద్ర స్నానం, చెరువు స్నానం, టబ్బులో మునగడం, ఏవైనా సరే సర్జన్ అనుమతి వచ్చేదాకా వద్దు. కూలిపని మానితే గడవని ఇల్లయితే, ఆపరేషన్‌కు ముందే ఆ నెలన్నర సంపాదన కూడా ఖర్చులో కలుపుకుని లెక్క వేసుకోవాలి. వాయిదాల ప్రకటన ఆ లెక్క చెప్పదు.

ఇంటి వైద్యాల జోలికి వెళ్లకపోతే సగం అనర్థాలు తప్పుతాయి. మన దగ్గర వాపు అనగానే కాపడం పెడతారు. ఇంప్లాంట్ చుట్టూ చర్మానికి స్పర్శ తగ్గి ఉంటుంది, వేడి ఎంతుందో తెలియదు, కాలి బొబ్బలెక్కినా తెలియదు. ఐసు కూడా నేరుగా పెడితే అంతే. కుట్ల మీద పసుపు, ఆముదం, ఆకు పసర్లు వద్దు. మర్దన చేయాలా వద్దా అన్నది ఇంప్లాంట్ రకాన్ని బట్టి సర్జన్ చెప్పాలి, ఫోన్లో చూసి మొదలుపెట్టేది కాదు. గట్టిపడిన ఇంప్లాంట్‌ను చేత్తో బలంగా పిసికి పొరను చిట్లించే పద్ధతి ఒకప్పుడు వైద్యులే చేసేవారు. లోపల ఇంప్లాంట్ పగిలిపోతోందని వాళ్లే మానేశారు.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే: ఒక యాంటీబయోటిక్, ఒక డెక్సామెథసోన్ సూది. ఆ స్టెరాయిడ్‌తో జ్వరం దిగుతుంది, ఎరుపు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. రోగి కోలుకున్నాననుకుంటుంది. లోపల చీము మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మూడు రోజులకు బయటపడేది మూడు వారాలకు బయటపడుతుంది, అప్పటికి రక్తానికి పాకి ఉండొచ్చు. ఆర్‌ఎంపీలందరూ చెడ్డవాళ్లని మేము అనడం లేదు. రాత్రివేళ తలుపు తీసేది వాళ్లే. కానీ లోపల ఇంప్లాంట్ ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు కదా. ఒంట్లో గడ్డ అనుకుని వాళ్లు చేయగలిగిందే చేస్తారు.

దాచడం ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పడానికి 2022 మే నెల చాలు. బెంగళూరులో చేతనా రాజ్ అనే 21 ఏళ్ల కన్నడ టీవీ నటి కొవ్వు తీయించుకోవడానికి ఒక క్లినిక్‌లో చేరి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయింది. ఆపరేషన్ సంగతి తల్లిదండ్రులకు ముందు తెలియదు, స్నేహితులతో వెళ్లింది. అంతకు ఏడేళ్ల ముందు, 2015 జూన్ 6న, 'నువ్వు నాకు నచ్చావ్', 'ఇంద్ర' సినిమాలతో మన ఇళ్లన్నిటికీ తెలిసిన ఆర్తి అగర్వాల్ అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో 31 ఏళ్లకే పోయింది. కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకుందని, ఊపిరి ఆడక ఇబ్బంది పడిందని అప్పట్లో ఆమె మేనేజరే చెప్పారు. అవి ఇంప్లాంట్ ఆపరేషన్లు కావు. అయినా రెండు చోట్లా ముందుకొచ్చింది ఊపిరే. ఆపరేషన్ తర్వాత ఆయాసం వస్తే గ్యాస్ అనో, భయం అనో, బ్రా బిగుతనో సర్దిచెప్పుకోకూడదని ఇంతకన్నా గట్టిగా ఎలా చెప్పాలో మాకు తెలియదు.

మన నెల్లూరుకే వద్దాం. 2022 ఫిబ్రవరిలో నగరంలోని ఒక లాడ్జి గదిలో ఇద్దరు బీఫార్మసీ విద్యార్థులు లింగమార్పిడి ఆపరేషన్ చేయబోయారు. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన 28 ఏళ్ల మనిషి నెత్తురు ఆగక ఆ గదిలోనే ప్రాణం విడిచారు. ముంబై వెళ్లి చేయించుకుంటే ఖర్చు ఎక్కువ, మేము తక్కువలో చేస్తామన్నారని అప్పటి వార్తలు. పోలీసులు కేసు పెట్టారు, అరెస్టులు జరిగాయి, వారం తిరక్కుండా ఊరు మరిచిపోయింది. ఆ లాడ్జికి కాస్త దూరంలోనే ప్రభుత్వ పెద్దాసుపత్రి ఉంది, దానికి అనుబంధంగా వైద్య కళాశాల ఉంది. ఖర్చుతో పాటు, అక్కడికి వెళ్తే ఎగతాళి చేస్తారన్న భయం కూడా ఆ మనిషిని లాడ్జి మంచం మీదికి నెట్టి ఉండొచ్చు. దీనికి బాధ్యులు ఆ ఇద్దరు విద్యార్థులు మాత్రమేనని మేము అనుకోవడం లేదు.

ట్రాన్స్‌జెండర్ మహిళల్లో కొందరికి ఛాతీ పెరగడానికి మాలా-డి లాంటి గర్భనిరోధక మాత్రలు ఇష్టమొచ్చినన్ని మింగే అలవాటుంది. వాటిలోని ఈస్ట్రోజెన్ నెత్తురు గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. దానికి ఆపరేషన్, దానికి తోడు గంటల తరబడి కదలకుండా ప్రయాణం కలిస్తే ముప్పు ఇంకా ఎక్కువ. ఏ మాత్ర ఎన్నాళ్లుగా వాడుతున్నారో మత్తు డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఇంకా ఘోరమైనది సిలికాన్ ద్రవాన్ని సూదితో నేరుగా ఎక్కించడం. సంచిలో ఉన్న సిలికాన్ వేరు, ఒంట్లోకి వదిలిన సిలికాన్ వేరు. వదిలింది గడ్డలు కడుతుంది, చోట్లు మారుతుంది, రక్తనాళంలోకి పోతే ఊపిరితిత్తుల్లో అడ్డుపడి నిమిషాల్లో ప్రాణం తీయగలదు. ఒకసారి వెళ్లాక పూర్తిగా వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు. శరీర ఆకృతి కోసం ఇలాంటి సూదులు వేయించుకోవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. బ్యూటీ పార్లర్‌లో గానీ, గదిలో గానీ రొమ్ముకు సూది వేస్తామన్నవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం లింగమార్పిడి శస్త్రచికిత్స, హార్మోన్ చికిత్సలకు వైద్య సదుపాయం కల్పించడం ప్రభుత్వాల విధి. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ కింద వీరికి ఏడాదికి 5 లక్షల రూపాయల బీమా కోసం కేంద్రంలో ఒప్పందం కూడా కుదిరింది. దీనికి కావాల్సిన గుర్తింపు పత్రం కోసం దరఖాస్తు చేయించే పని సచివాలయాల సిబ్బంది చేయగలరు, చేయాలి.

ఆరు నెలలు గడిచి అంతా బాగుంటే ఇక మరిచిపోవచ్చా? లేదు. ఇంప్లాంట్ జీవితకాలపు వస్తువు కాదు. అందం కోసం పెట్టించుకున్నవాళ్లలో ఐదుగురిలో ఒకరికి 8 నుంచి 10 ఏళ్లలోపే తీయించాల్సి వస్తోందని ఎఫ్‌డీఏ ఎప్పుడో చెప్పింది. శరీరం ఏ పరాయి వస్తువు చుట్టూ అయినా పొర అల్లుకుంటుంది. అందరికీ అల్లుకుంటుంది కాబట్టి అది రోగం కాదు. ఆ పొర బిగుసుకుని ఇంప్లాంట్‌ను నొక్కితే రొమ్ము గట్టిపడి, ఆకారం వంకరపోయి, నొప్పి మొదలవుతుంది. కేన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ఇది మరింత ఎక్కువ. నెమ్మదిగా గట్టిపడుతోందనిపిస్తే కుదురుకుంటుందని ఎదురుచూసే దశ దాటిపోయినట్టే.

సిలికాన్ జెల్ సంచి చిట్లితే బయటికి ఏమీ తెలియకపోవచ్చు. అందుకే పెట్టించుకున్న 5, 6 ఏళ్లకు ఒకసారి, ఆపైన 2, 3 ఏళ్లకోసారి ఎంఆర్‌ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించాలని ఎఫ్‌డీఏ 2021లో సూచించింది. ఆ ఖర్చు కూడా మొదటి రోజు లెక్కలోకి రావాలి. మామోగ్రామ్‌కు వెళ్తే యంత్రం దగ్గరున్నవాళ్లకు ముందే చెప్పండి. ఇంప్లాంట్‌ను వెనక్కి నెట్టి తీసే పద్ధతి వేరే ఉంటుంది.

ఇంకొకటి, అరుదైనదే గానీ తెలిసి ఉండాల్సింది. ఏళ్లు గడిచాక, ఏ దెబ్బా తగలకుండా, ఒకవైపు నీరు చేరి ఉబ్బితే ఆ నీటిని సీడీ30 అనే పరీక్షకు పంపాలి. గరుకు ఉపరితలమున్న ఇంప్లాంట్ల చుట్టూ ఒక రకం లింఫోమా వచ్చే అవకాశం ఉందని తేలింది. ఇది రొమ్ము కేన్సర్ కాదు, రోగనిరోధక కణాల కేన్సర్. 2019 జూలైలో ఎఫ్‌డీఏ లెక్కల్లో ప్రపంచవ్యాప్తంగా 573 కేసులు, 33 మరణాలు ఉన్నాయి. ఆ నెలలోనే అల్లర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. తొందరగా పట్టుకుంటే ఇంప్లాంటునూ, చుట్టూ ఉన్న పొరనూ తీసేస్తే చాలామందికి నయమవుతుంది. ఏ లక్షణమూ లేనివాళ్లు భయపడి తీయించుకోనక్కర్లేదని కూడా ఎఫ్‌డీఏనే చెప్పింది.

మీ ఒంట్లో ఉన్నది ఏ రకమో మీకు తెలుసా? ఫ్రాన్స్‌లో పీఐపీ అనే కంపెనీ వైద్యానికి పనికిరాని పరిశ్రమల సిలికాన్‌తో ఇంప్లాంట్లు చేసి ఏళ్ల తరబడి అమ్మింది. 2010లో బయటపడింది. 65 దేశాల్లో 3 నుంచి 4 లక్షల మంది ఆడవాళ్లకు అవి పెట్టారని అంచనా. 2013 డిసెంబరులో ఆ కంపెనీ స్థాపకుడు జాన్ క్లోద్ మాస్‌కు మార్సెయ్ కోర్టు నాలుగేళ్ల జైలు వేసింది. అప్పుడు కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉన్న కార్డు దాచుకున్నవాళ్లు ఒక్క చూపుతో తెలుసుకోగలిగారు. కార్డు లేనివాళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. ప్రతి ఇంప్లాంటుకూ ఒక స్టిక్కర్ వస్తుంది, కంపెనీ, రకం, పరిమాణం, సీరియల్ నంబరు దాని మీదే ఉంటాయి. అది అంటించిన కార్డు ఇచ్చేదాకా డిశ్చార్జి బిల్లు మీద సంతకం పెట్టకండి. కేస్ షీటు నకలు రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తనా నియమాల్లోనే ఉంది. ఇంప్లాంట్ కార్డును ఆధార్ కార్డు ఎక్కడ పెడతారో అక్కడే పెట్టండి. ఫోన్లో ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

ఆపరేషన్‌కు ఇంకా వెళ్లనివాళ్లకు కొన్ని మాటలు. ఎంఎస్ జనరల్ సర్జరీ తర్వాత మూడేళ్లు చదివి తెచ్చుకునే ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ, లేదా దానికి సమానమైన జాతీయ బోర్డు డిగ్రీ ఉన్నవాళ్లే ఈ పనికి తగినవాళ్లు. కాస్మెటాలజీ సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంటే అది గోడకు అందం, అంతే. వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, మెడికల్ కౌన్సిల్ జాబితాలో చూసుకోండి. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రి ఏదైనా 2002 నాటి చట్టం కింద రిజిస్టరై ఉండాలి. మత్తు డాక్టరు చివరిదాకా ఉంటారా, ఐసీయూ అదే భవనంలో ఉందా, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు తడబడే క్లినిక్ గుమ్మం దిగేయండి. చెన్నైలోని స్టాన్లీ ప్రభుత్వ వైద్య కళాశాలలో తమిళనాడు ప్రభుత్వం 2018 ఫిబ్రవరిలో ఇంప్లాంట్లతో సహా రొమ్ము శస్త్రచికిత్సలకు ఉచిత క్లినిక్ తెరిచినప్పుడు దేశమంతా వింతగా చూసింది. పేదవాళ్లు అప్పుల్లో పడకుండా, ప్రమాదకరమైన దారులు తొక్కకుండా ఉండాలంటే ఇది కావాలన్నది అప్పటి ఆరోగ్య మంత్రి వాదన. నెల్లూరు లాడ్జి మరణం చూశాక ఆ వాదన మాకు వింతగా అనిపించలేదు.

నోటిమాటకు ఈ మండలంలో ఎంత బలముందో 2021 మేలో కృష్ణపట్నానికి కరోనా మందు కోసం వేల మంది కదిలివచ్చినప్పుడు చూశాం. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, డ్వాక్రా సంఘాల లీడర్లు తలుచుకుంటే మొదట్లో చెప్పిన ప్రమాద లక్షణాలు వారంలో ప్రతి గడపకూ చేరతాయి. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ చేయాల్సింది ఇంకొంచెం ఉంది. డిగ్రీ లేకుండా సూదులతో ఆకృతి మారుస్తామనే పార్లర్ల మీద, గదుల మీద తనిఖీలు జరగాలి. ప్రాణం పోయాక పెట్టే కేసు ఎవరికీ అక్కరకు రాదు.

ఇక క్యాజువాల్టీలో రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లకూ, నర్సులకూ ఒక విన్నపం. ఛాతీ వాపుతో వచ్చిన మనిషిని అందరి ముందూ కాకుండా తెర చాటుకు తీసుకెళ్లి, లోపల ఇంప్లాంట్ ఉందా అని మామూలు గొంతుతో అడగండి. ఎందుకు పెట్టించుకున్నావని అడగొద్దు. ఉందని చెబితే చీము తీద్దామని గుడ్డిగా సూది గుచ్చొద్దు, సంచి చిట్లుతుంది. అల్ట్రాసౌండ్ చూసి, ఆ దారిలోనే నీరు తీసి, కల్చర్‌కు పంపాకే యాంటీబయోటిక్ మొదలుపెట్టండి. ఒంట్లోకి విషం పాకిన లక్షణాలుంటే మాత్రం ఏ పరీక్ష కోసమూ ఆగొద్దు. ప్లాస్టిక్ సర్జన్‌కు ఆ రాత్రే కబురు పెట్టండి. రోగులుగా మీరు చెప్పాల్సినవీ కొన్నే: ఆపరేషన్ ఏ తేదీన జరిగింది, ఎవరు చేశారు, ఇప్పటిదాకా ఏ మందులు పడ్డాయి. ఇంప్లాంట్ కార్డు డాక్టరు చేతిలో పెట్టండి. వెంట వచ్చిన మనిషిని బయటికి పంపాలనుకుంటే పంపండి గానీ, డాక్టరు దగ్గర మాత్రం ఒక్క మాట కూడా మింగొద్దు.